పళ్ళ వంతెన కోసం వెళ్ళి నేను పోయిన రోజు

నా చావు కబురు నేనే, నా చెవులతో విన్నాను. విని, కాళ్ళకు చెప్పులైనా లేకుండా ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి, నా కోసం ఎవరెవరు ఏడుస్తున్నారో చూద్దామని నా ఇంటికి నేనే వెళ్ళాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో కాస్త వెన్ను జలదరిస్తుంది, అప్పుడు నవ్వు రాదు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను చదువుకున్నదాన్ని కాను. యాభై దాటాక మా మెస్సులో భోంచేసే పిల్లలు పలక పెట్టి దిద్దించారు. అందుకని నా రాతలో సొగసులు వెతక్కండి. ఉప్పూ కారం సరిపోయాయా లేదా, అంతవరకే చూసుకోండి.

అప్పుడు తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. మేము బాపట్ల దగ్గర పల్లె నుంచి కొత్తగా వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ సందులో యాదమ్మ గారింట్లో కింది వాటా అద్దెకు తీసుకుని, కోచింగులకు వచ్చిన ఆడపిల్లల కోసం మెస్సు పెట్టుకున్నాం. వంట మా ఆయనది. నోరు నాది. "ఏమే, అంతేనా తినేది? పిచ్చుక నయం నీకంటే. రేపు మీ అమ్మ నన్ను తిట్టదూ?" అని నేను గదమాయిస్తే పిల్లలు నవ్వుకుంటూ ఇంకో గరిటె వేయించుకునేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా విషయంలో నోరు ఆడితేనే డొక్క ఆడేది.

ఆ నోటికే దెబ్బ తగిలింది. సాంబారు గిన్నె పట్టుకుని వస్తూ తడిగచ్చు మీద జారి, గ్రైండరు అంచుకు మూతి కొట్టుకున్నాను. పైవరసలో ముందు పళ్ళు నాలుగూ ఊడి సాంబార్లో మునక్కాడల సరసన చేరాయి. (ఆ పూట సాంబారు ఎవరికీ పొయ్యలేదు. మీరు కంగారు పడకండి.) అప్పట్నుంచి మూతికి కొంగు అడ్డం. నోరు తెరిస్తే 'త' పలకదు, 'ద' పలకదు, దోసె అనబోతే ఈల వస్తుంది. నేను నోరు మూసుకు తిరుగుతుంటే నాకు ఏదో కోపం వచ్చిందనుకుని పిల్లలు ఒక్కొక్కరే పక్క సందు మెస్సుకు మళ్ళారు. దానికి తోడు బందులు, రాస్తారోకోలు. హాస్టళ్ళు సగం ఖాళీ. మా ఆయన బిక్కచచ్చిపోయాడు.

"మెస్సు మూసేసి మనూరు వెళ్ళిపోదాం రాజ్యం," అన్నాడు.

"వెళ్ళి ఏం చేస్తాం? అక్కడ మనకు గింజ మొలకెత్తే నేల పిడికెడు లేదు. నేను పళ్ళు కట్టించుకుంటా. నా నోరు నాకొస్తే మెస్సు అదే నడుస్తుంది."

"సరే, కట్టించుకో. కానీ ఆ పళ్ళ వ్యవహారంలో ఏ చిన్న తేడా వచ్చినా మర్నాడే సామాను సర్దేస్తా. అప్పుడు నన్నేమీ అనకూడదు."

అదీ ఒప్పందం. నాలుగు పళ్ళకు ఒక మెస్సు, ఒక కాపురం వేలాడుతున్నాయి.

ఇక పై వాటాలో మోకాళ్ళ నొప్పుల మామగారితో ఉండే మా యాదమ్మ గారు. మనిషి ఎలాంటిదో అప్పటికి నాకు అంతు చిక్కలేదు. కనబడినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "రాజ్యమ్మా, మీరెప్పుడు పోతరు?" మా వైపు పెద్దవాళ్ళెవరైనా పోయారంటే ఇక తలదగ్గర దీపం పెట్టడమే. శత్రువును కూడా అలా అడగం. అంతటితో ఆగేదా? "పోయేటప్పుడు జర చెప్పుండ్రి. నేను గుడ మీ ఎంబడే పోదామనుకుంటున్న," అనేది. మొగుడితో పాటు పోయిన ఇల్లాళ్ళ గురించి విన్నాను గానీ, అద్దెకున్నవాళ్ళతో పాటు పోతానన్న ఇంటావిడను ఈవిణ్ణే చూశాను.

పళ్ళ డాక్టరు ఎల్బీనగర్‌లో, ఒక పాత కాంప్లెక్సు రెండో అంతస్తులో ఉండేవాడు. నల్గొండ వైపు మనిషి. మొదటిసారి వెళ్ళినప్పుడే విడమరిచి చెప్పాడు.

"నాలుగు పండ్లు లెవ్వు గదమ్మా. గా రెండు దిక్కుల కోరపండ్లు మాత్రం గట్టిగున్నయ్. వాటిని అరగదీసి స్తంభాల లెక్క చేస్త. వాటి మీద బ్రిడ్జి ఏస్త."

"బ్రిడ్జంటే వంతెనేనా బాబూ?"

"గదే. మూసీ మీద లేదా? గట్లనే."

"మరి నా వంతెన కింద ఏం పారుతుంది?"

"మీ సాంబారే మేడం," అంది డాక్టరు దగ్గర పనిచేసే రూతు. గలగల మాట్లాడే పిల్ల. ఆ పిల్లకు పళ్ళన్నా పండ్లే, అరటిపళ్ళన్నా పండ్లే.

అసలు రోజున పొద్దున్నే మా ఆయన అడ్డుపడ్డాడు. "ఇవాళ గాలి బాగాలేదు. వెళ్ళకు," అన్నాడు. పెళ్ళాం మాట మొగుడు వినకపోతే కాపురం చెడుతుంది, మొగుడి మాట పెళ్ళాం వినకపోతే ఇదిగో, ఇలాంటి కథ పుడుతుంది. ఆటో ఎక్కేశాను.

డాక్టరు ఇంజక్షన్ పొడిచాడు. కాసేపటికి ముక్కు కింద నుంచి గడ్డం దాకా నా మొహం నాది కాకుండా పోయింది. పెదవి తడుముకుంటే ఎవరి పెదవో తడిమినట్టుంది. తర్వాత అరగదీయడం మొదలైంది. ఆ రొద కన్నా ఆ వాసన... కాటి పక్కగా వెళ్ళినప్పుడు గాలి ఇటు తిరిగితే వస్తుందే, అది. నా ఎముక కాలిన వాసన నా ముక్కుకే తగులుతోంది. అది అయ్యాక గులాబీరంగు ముద్దేదో పళ్ళెంలో నింపి నోట్లో కూరి, అచ్చు తీశాడు. సగం ముద్ద నా గడ్డానికీ బుగ్గలకీ అంటుకుని అక్కడే ఆరిపోయింది.

"అసలు బ్రిడ్జి తయారై ఒచ్చేదాక ఉత్తుత్తి పండ్లు పెడ్త. ముద్ద కలుపుకొస్త, లేవకుండ్రి," అన్నాడు డాక్టరు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. కింద రోడ్డు మీద డప్పులు, నినాదాలు. ఉన్నట్టుండి బంద్ అట. షట్టర్లు ఒకదాని తర్వాత ఒకటి ధన్ ధన్ మని పడుతున్నాయి. డాక్టరూ రూతూ చూద్దామని ముందు వైపు బాల్కనీలోకి పరిగెత్తారు. నాకేమో నోటినిండా నెత్తురూ ఉమ్మూ. ఉమ్మేసి వద్దామని కుర్చీ దిగి, చెప్పులు కూడా తొడుక్కోకుండా, వరండా చివర ఉన్న బాత్రూముకు వెళ్ళాను.

అక్కడ అద్దం ఉంది. ఆ అద్దంలో ఉన్నది నేను కాదు.

మొహమంతా గులాబీరంగు పొలుసులు. పెదవి ఒక పక్కకు వేలాడుతోంది. మూల నుంచి ఎర్రటి చార. నోరు తెరిస్తే మధ్యలో చీకటి, దానికి అటొకటి ఇటొకటి, సన్నగా చెక్కిన రెండు కోరలు. నేను చెయ్యెత్తాను. అదీ ఎత్తింది. నేను పెదవి తాకాను. అదీ తాకింది, కానీ తాకినట్టు నాకు తెలియలేదు. ఎంతసేపు అలా నిలబడిపోయానో.

తిరిగొచ్చేసరికి వరండా అంతా మసక. గది తలుపుకు వేసిన తెర అవతల రూతు ఫోనులో మాట్లాడుతోంది.

"సార్, రాజ్యలక్ష్మి మేడం ఇంటాయనేనా? సార్, మీ మేడం పోయింది సార్!"

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"అవు సార్. కుర్చీలనే ఉండె. ఇంజక్షన్ ఇచ్చినం, పండ్లు అరగదీసినం, గిట్ల తిరిగి చూసేవరకే పోయింది... లే సార్, ఏం చెప్పలే. చెప్పకుండనే పోయింది. చెప్పుల్ గుడ ఈడనే ఉన్నయ్... ఇగ ఇంటికే ఒస్తది సార్. హలో? హలో?"

రాజ్యలక్ష్మి ఎవరో పాపం అనుకున్నాను. ఒక్క క్షణమే. ఆ రాజ్యలక్ష్మిని నేనే.

"రూతూ!" అని పిలవబోయాను. "ఊఊ" అని ఏదో వచ్చింది. రూతు తెర తోసుకుని బయటికి వచ్చి, బాల్కనీలో ఉన్న డాక్టరుకు వినబడేలా "సార్, కింద చూస్త!" అంటూ నా పక్క నుంచే, చున్నీ నా చేతికి రాసుకుంటూ, నా వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

లోపలికి తొంగి చూశాను. కుర్చీ ఖాళీ. నేను కూర్చున్న గుంట ఇంకా సీటులో అలాగే ఉంది. కింద నా చెప్పులు, పక్కపక్కనే, బుద్ధిగా. బల్ల మీద తెల్లటి దవడ ఎముక, ఇంకా తడి ఆరలేదు. పళ్ళ అచ్చులు సున్నంతో పోసి ఆరబెడతారని నాకెవరు చెప్పారు? నాలోంచి దవడ తీసేశారు, మిగతాది ఎక్కడో పెట్టి ఉంటారు అనుకున్నాను. చెప్పులు తీసుకుందామని వంగి ఆగిపోయాను. పోయినదానికి చెప్పులెందుకు?

వెనక మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాను.

మిట్టమధ్యాహ్నం. ఊరేగింపు ఎప్పుడో దాటిపోయింది. ఏ రోజైనా అడుగు పెట్టడానికి సందు దొరకని రోడ్డు అది. అటు చూస్తే ఎవరూ లేరు, ఇటు చూస్తే ఎవరూ లేరు. ఎండ మాత్రం ఉంది. ఆ ఎండలో నల్లగా కాలుతున్న టైరు ఒకటి, దాని పక్కన ఎవరూ లేరు. స్తంభం నీడలో కుర్చీ వేసుకుని ఒక పోలీసాయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. "బాఊ," అన్నాను. చలనం లేదు. (నిద్రపోతున్నాడని ఇప్పుడు తెలుసు. అద్దాల వెనక కళ్ళు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది?) కుక్క ఒకటి నన్ను చూసి లేచి, తోక ముడుచుకుని, తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయింది. కుక్కలకు కనబడతారంటారు కదా, వాళ్ళు.

చీరల దుకాణం ఒకటి షట్టరు సగమే దించి ఉంది. గాజు వెనక బొమ్మలు పట్టుచీరలు కట్టుకుని నిలబడ్డాయి. దుమ్ము పడకుండా వాటి తలలకు కాగితాలు చుట్టారు. మొహాల్లేని ఆడవాళ్ళు వరసగా. ఆ గాజులో నా నీడ పడి, ఒక బొమ్మ మెడ మీద నా కోరల మొహం సరిగ్గా అతుక్కుంది. నేను కదిలాను. మొహం పక్క బొమ్మ మీదికి వెళ్ళింది. నేను పరిగెత్తాను. అది ఒక్కొక్క మెడా మారుతూ నాతో పాటే వచ్చింది.

అప్పుడు నాకు ఉపాయం తట్టింది. ప్రాణం పోతే కొత్తగా వచ్చిన చదువు ముందు పోవాలి గదా? బోర్డు చదివి చూద్దాం, అక్షరం కనబడితే బతికున్నట్టే అనుకున్నాను. తలెత్తి చూస్తే, బోర్డు మీద పేరుండే చోట నల్లటి పూత. పక్క దుకాణం బోర్డూ అంతే. ఉద్యమంలో కొన్ని పేర్ల మీద తారు పూస్తున్నారని పేపరు చదివేవాళ్ళకు తెలుసు. నేను అక్షరాలే తప్ప పేపరు దాకా రాలేదు. పోయింది, చదువూ పోయింది అనుకుని ముందుకు నడిచాను. కాళ్ళు కాలుతున్నాయా అంటారా? కాలాయేమో. భయం ముందు ఎండ ఎంత?

కొత్తపేట పండ్ల మార్కెట్ గేటు మూసి ఉంది. లోపలి నుంచి మగ్గిన వాసన తియ్యగా, మరీ తియ్యగా, దండలు వాడిపోయిన గదిలో వాసనలా వస్తోంది. గేటు పక్క నీడలో ఒక ముసలమ్మ. బోసినోరు. ఒళ్ళో గుడ్డ కప్పిన గంప. ఆ మధ్యాహ్నం నన్ను చూసిన మొదటి మనిషి ఆమే.

"నువ్వు గుడ పోయినవా బిడ్డా?" అంది.

తల ఊపాను. ఇంకేం చెయ్యను?

"నేను పొద్దుగాల్నే పోయిన," అంది, అదేదో మామూలు సంగతిలాగా. "గప్పటిసంది గీడనే కూసున్న. ఒక్కలు గుడ నా దిక్కు చూస్తలేరు. నన్ను దాటుకుంటనే పోతున్నరు."

 నా జాతి మనిషి.

"పండ్లు తీస్కపో బిడ్డా," అంది ముసలమ్మ. "మస్తుగున్నయ్. ఊకెనే ఇస్త. ఇగ నాకెందుకు?"

ఆమె నోట్లో ఒక్క పన్ను లేదు. గంపలో మస్తుగా ఉన్నాయంటోంది. గుడ్డ అంచు పట్టుకుని మెల్లగా ఎత్తబోయింది. లోపల ఏముందో చూడ్డానికి నేను ఆగలేదు.

"ఓ బిడ్డా! ఏడికి పోతున్నవ్?" అని వెనక నుంచి కేకేసింది. ఒకసారి పోయాక ఇంకెక్కడికి పోతానమ్మా, ఇంటికి తప్ప.

మా గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల మా ఆయన ఏడుపు. గచ్చు మీద కూలబడి గుండెలు బాదుకుంటున్నాడు. మెస్సు పిల్లలు నలుగురు గోడకు ఆనుకుని ముక్కులు తుడుచుకుంటున్నారు. యాదమ్మ అప్పుడే మేడ దిగి వస్తోంది. నేను కిటికీ పక్కన ఆగాను. నా వెనక నా గురించి ఏమనుకుంటారో వినే అవకాశం ఎంతమందికి వస్తుంది చెప్పండి?

"పోయింది యాదమ్మ గారూ! నా రాజ్యం పోయింది!"

"ఏడికి?" అంది యాదమ్మ.

"ఏడికేంటండీ! పోయింది!"

"గదే, ఏడికి పోయింది అంటున్న. బంద్ గదా, బస్సులు గుడ లెవ్వు. ఎట్ల పోయింది?"

"ఇంజక్షన్ ఇచ్చారట, అంతేనట. ఒక్క మాటైనా చెప్పకుండా పోయిందట. నన్ను ఒంటరివాణ్ణి చేసి పోయింది!"

యాదమ్మ గొంతు మారింది. "అంటే, నిన్ను ఇడిసిపెట్టి పోయిందా?"

"విడిచిపెట్టే పోయింది!"

"ఎవనితోని?"

మా ఆయన ఏడుపు ఠక్కున ఆగింది. "ఎవడితో ఏంటండీ?"

"అరె, ఒక్కతే ఎట్ల పోతది?"

"అందరం ఒక్కళ్ళమే పోవాలి యాదమ్మ గారూ. కట్టుకున్నవాళ్ళు కూడా తోడు రారు," అని మా ఆయన వేదాంతంలోకి దిగాడు.

"నీ మంచితనం పాడుగాను! గసొంటిదాని కోసం ఏడుస్తున్నవా? పోతే పోనియ్! మల్ల గీ గడప తొక్కితె చీపురు తిరగేస్త చూడు!" అని యాదమ్మ నిజంగానే మూలనున్న చీపురు అందుకుంది.

చచ్చినదాన్ని పట్టుకుని ఇవేం మాటలు?  అయినా సహించాను. కానీ మా ఆయన అప్పుడన్న మాట సహించలేకపోయాను.

"ఇంకెవరి కోసం ఈ మెస్సు? రేపే మూసేసి మా ఊరు వెళ్ళిపోతాను."

అంతే. తలుపు తోసుకుని లోపలికి దూకాను. "మెహ్హు మూహేహ్తే ఊరుకోఉ!" అని అరిచాను.

గులాబీ పొలుసుల మొహం, నెత్తుటి చొంగ, రెండు కోరలు. పిల్లలు నలుగురూ ఒకే గొంతుతో కెవ్వుమని వంటింట్లో పడి గడియ పెట్టుకున్నారు. మా ఆయన లేవబోయి, లేవలేక, కూర్చునే గోడ దాకా జరిగి దణ్ణం పెట్టాడు. "వచ్చేశావా రాజ్యం! పదకొండో రోజన్నా కానివ్వలేదే!"

యాదమ్మకు ఆ భయమేం లేదు. ఆమె కంటికి నేను దయ్యాన్ని కాదు, మొగుణ్ణి వదిలి లేచిపోయి మూతి పగలగొట్టించుకుని తిరిగొచ్చినదాన్ని. "ఒచ్చినవా! ఏ మొఖం పెట్టుకుని ఒచ్చినవే!" అని చీపురు తిరగేసి వీపు మీద ఒక్కటిచ్చింది.

భగ్గున మండింది. పోయినవాళ్ళకు మంట ఒక్కసారేనంటారు, అదీ వాళ్ళకు తెలియదంటారు. నాకు తెలిసింది. ఇంకోటి పడింది. అదీ తెలిసింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"ఇంకోహి కొట్టు యాదమ్మా!" అన్నాను ఆనందంగా. "నేను చావలేదు!"

"నువ్వు సచ్చినవని ఎవలన్నరు?"

మా ఆయన గోడ దగ్గర నుంచే, "ఆ రూతు ఫోను చేసింది. పోయిందని చెప్పింది," అన్నాడు.

"పోయిందంటె పోయిందనే! సస్తే సచ్చిందంటం. మీరు సస్తే ఏమంటరు?"

"పోయిందంటాం."

"మరి పోతే?"

"వెళ్ళిందంటాం."

యాదమ్మ చీపురు కింద పెట్టి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అక్కడే చతికిలబడింది. "ఓరి మీ ఇల్లు బంగారంగాను! ఆమె బతికుండంగనే మొగడు ముండమోస్తున్నడా!"

నాకు అప్పుడు వెలిగింది. "మరి రోజూ నన్ను ఎప్పుడు పోతారని అడుగుతావే?" అన్నాను. నోరు తిరగక సగం సైగలతోనే అడిగాననుకోండి.

"మీ దిక్కు సముద్రముంటదంట గదా," అంది యాదమ్మ, కొంచెం సిగ్గుపడుతూ. "పుట్టి బుద్ధెరిగి చూడలే. మీరు మీ ఊరికి పోయేటప్పుడు మీ ఎంబడొచ్చి చూసొద్దామని అడుగుతున్న. మీరేమొ మొఖం మాడ్చుకుంటరు."

 అంతలో వాకిట్లో స్కూటరు ఆగింది. సందుల్లోంచి దారి చేసుకుంటూ డాక్టరూ, వెనక నా చెప్పులు ఒళ్ళో పెట్టుకుని రూతూ వచ్చారు. "గట్ల పోతరా మేడం? ఏడేడ దేవులాడినమో! జర నోరు తెరువుండ్రి, ముందు గీ పండ్లు పెట్టుకోండ్రి," అంది రూతు. మా వాకిట్లోనే, ప్లాస్టిక్ కుర్చీలో, ఎండ వెలుతురులో నాకు ఉత్తుత్తి పళ్ళు పెట్టారు.

పెట్టించుకుని మా ఆయన వైపు తిరిగాను. "తేడా వచ్చిందిగా. సామాను సర్దుతారా?"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "తేడా నీ పళ్ళల్లో రాలేదు, మాటలో వచ్చింది. మాట తేడాకి ఎవరన్నా ఊరొదిలి పోతారా?" అని, వెంటనే నాలిక్కరుచుకుని, "వెళ్తారా?" అని దిద్దుకున్నాడు.

అసలు వంతెన తయారై వచ్చింది. దాని మీదుగా 'దోసె' అన్న మాట తొణక్కుండా దాటిన రోజు మెస్సులో అందరికీ పాయసం. హాస్టళ్ళు మళ్ళీ నిండాక, నా చావు కథ వినడానికని పక్క సందు పిల్లలు కూడా మా దగ్గరే కంచాలు పెట్టారు. యాదమ్మను మా బాపట్ల దగ్గరి సూర్యలంక సముద్రానికి తీసుకెళ్ళాం. అల వెనక్కి పోతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "గిది ఏడికి పోతది?" అని అడిగింది. ఆ గంప ముసలమ్మ కోసం మాత్రం తర్వాత చాలాసార్లు ఆ గేటు దగ్గర ఆగి చూశాను. జామపళ్ళో సపోటాలో కొని ఆ రోజు బాకీ తీర్చుకుందామని. మార్కెట్ వాళ్ళనడిగితే ఆ మూల ఎవరూ ఎప్పుడూ కూర్చోరన్నారు. దాని గురించి నేను ఎక్కువ ఆలోచించను. మీరూ ఆలోచించకండి.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఎవరు పోయారని విన్నా సరే, "ఎక్కడికి?" అని అడిగి తేల్చుకున్నాకే ఏడవాలని. ఏళ్ళ తరబడి నిష్ఠగా పాటించాను. మొన్నామధ్య పొద్దున్నే యాదమ్మ కిందికి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడి, మా మర్యాద కోసం మా మాటలోనే చెప్పింది.

"రాజ్యమ్మా, మా మామ పోయిండు."

"ఎక్కడికి?" అన్నాను.

యాదమ్మ కళ్ళొత్తుకుంటూ చెయ్యి పైకి చూపించింది.

"డాబా మీదికా! ఆ మోకాళ్ళతో ఎలా ఎక్కారమ్మా?" అన్నాను.

కాబట్టి పాత ఒట్టు రద్దు. నా నోట్లో ఉన్న ఈ వంతెన సాక్షిగా, దాన్ని మోస్తున్న రెండు కోరల సాక్షిగా కొత్త ఒట్టు పెట్టుకుంటున్నాను. ఇకమీదట ఎవరు పోయినా, ఎక్కడికి పోయినా, నేను నోరు తెరవను. కొంగు అడ్డం పెట్టుకుని, ముందు చీపురు ఎక్కడుందో చూసుకుంటాను.